కూత ఆగితే పట్టు విడవాలి

చెడుగుడులో కూత ఎందుకని అడిగితే ఎవరైనా చెప్పేది ఒకటే: ఒక్క ఊపిరి మీద ఎంతసేపు నిలబడతాడో చూడటానికని. నిజమే. కానీ కూత ఇంకో పని కూడా చేస్తుంది, దాన్ని గమనించడం మానేశాం. అవతలి బరిలో పట్టుబడ్డవాడు కూత ఆపేశాడంటే ఔటైపోయినట్టే. ఔటైనవాణ్ని ఇంకా నొక్కిపట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు. జూడోలో పట్టుబడ్డవాడు అరచేత్తో రెండుసార్లు తడితే ఏమవుతుందో, మన ఆటలో కూత ఆగితే అదే అవ్వాలి. ‘చాలు, వదులు’ అనే మాటని ఆటలోనే కలిపేసి పెట్టారు పెద్దవాళ్ళు.

సంక్రాంతికి కోనసీమలోనో, భీమవరం చుట్టుపక్కల ఊళ్ళల్లోనో రాత్రిపూట జరిగే పోటీలకి వెళ్ళి చూడండి. కూత ఎవరికీ వినబడదు. ఒక పక్క సౌండుబాక్సులు, ఇంకో పక్క మైకులో కామెంటరీ. అంపైరు కళ్ళు 30 సెకన్ల గడియారం మీద. కూతకి వెళ్ళిన రైడరు మోకాలు పట్టుతప్పి కూత ఎప్పుడో ఆగిపోయినా, విజిల్ మోగేదాకా అయిదుగురు అతని మీదే ఉంటారు. విజిల్ ఆలస్యమయ్యేది సెకనో రెండు సెకన్లో. మోకాలి లిగమెంటు తెగడానికి అంత కూడా అక్కర్లేదు.

అందుకే, ఏ పట్టు నిషేధించాలి అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. మొదటిది వేరే ఉంది. పట్టుబడ్డవాడికి ఒప్పుకోవడానికి ఎంత వ్యవధి మిగులుతోంది? ఒప్పుకున్నాడని పట్టినవాడికి ఎలా తెలుస్తుంది? తెలిశాక ఆపడం అతని చేతుల్లో ఉంటుందా? ఇవి అడక్కుండా రాసుకున్న నిషేధాల జాబితా పందిరి గుంజకి అంటించే కాగితమే.

కత్తెర

జాబితాలు దండగ అనడం లేదు. కత్తెర సంగతే తీసుకోండి. ఎదుటివాడి కాళ్ళకి ముందు ఒక కాలు, వెనక ఒక కాలు వేసి, నేలకి చెయ్యి ఆనించి, ఒంటి బరువంతా పక్కకి పారేస్తూ అతన్ని వెనక్కి కూల్చడం. కబడ్డీ నిబంధనల్లో ఇది ఫౌలు. రైడరు నోరు మూయడం, గాయమయ్యేలా మొరటుగా పట్టడం, మొండెం, కాళ్ళు, చేతులు కాకుండా ఇంకెక్కడైనా పట్టుకోవడం, వీటి సరసనే కాళ్ళ కత్తెరనీ చేర్చారు.

జూడోలో దీన్ని కానీ బసామి అంటారు, పీత కత్తెర అని. 1980లో జపాన్ జాతీయ పోటీలో ఎండో సుమియో ఈ పట్టు వేస్తే యమషితా యసుహిరోకి మోకాలి కింద బయటివైపు ఉండే సన్నటి ఎముక విరిగింది. వేసినవాడూ పడ్డవాడూ ఇద్దరూ ప్రపంచ ఛాంపియన్లే. నేర్చుకునే పిల్లలు తెలియక చేసిన పని అని కొట్టిపారేయడానికి లేదు. తర్వాత జూడో ఆ పట్టుని పోటీల్లోంచి తీసేసింది. జూడో కడుపున పుట్టిన బ్రెజిల్ జియు-జిత్సులో నల్లబెల్టు కట్టినవాడికి కూడా దానికి అనుమతి లేదు. జపాన్‌తో ఏ చుట్టరికమూ లేని మన చెడుగుడూ అదే తీర్పుకి వచ్చింది.

ఎందుకో చూద్దాం. మోకాలు తలుపు బందులాంటిది, చాచడానికీ మడవడానికీ తప్ప పక్కకి వంగడానికి కాదు. నిలబడ్డవాడి పాదం నేలలో దిగి ఉంటుంది, ఒంటి బరువు దాని మీదే ఉంటుంది. కత్తెర వేసినవాడి తుంటి అతని తొడ మీద పడితే ఇద్దరూ వెనక్కి దొర్లిపోతారు. అదే తుంటి జానెడు కిందకి దిగి మోకాలి పక్కన పడిందా, బందు అడ్డంగా విరుగుతుంది. ఆ జానెడు తేడా ఎటు వస్తుందో వేసినవాడికే తెలియదు. గాల్లోకి లేచాక ఆపుకోలేడు. పడ్డవాడు తట్టేలోపు అయిపోతుంది. పైన అడిగిన మూడు ప్రశ్నలకీ ఇక్కడ జవాబు లేదు కాబట్టి దీన్ని పూర్తిగా మానెయ్యడమే న్యాయం. ‘మావాడు బాగా వేస్తాడు’ అనే మాటకి ఇక్కడ విలువ లేదు.

పేరులేని మడమ మెలి

జియు-జిత్సులో అందరూ జడిసేది మడమ మెలిని, హీల్ హుక్‌ని. ఎదుటివాడి మోకాలిని రెండు తొడల మధ్య బిగించి, మడమని మోచేతి మడతలో ఇరికించి, ఒళ్ళు తిప్పుతారు. తిరిగేది పాదం, తెగేది మోకాలు. దీంట్లో మోసం ఏమిటంటే నొప్పి ఆలస్యంగా వస్తుంది. మోచేతి పట్టులో ముందు లాగినట్టు, తర్వాత నొప్పి, ఆ తర్వాత దెబ్బ. తట్టడానికి వ్యవధి ఉంటుంది. మడమ మెలిలో ఏమీ లేదు, ఏమీ లేదు అనుకుంటుండగానే టప్పుమంటుంది. అందుకే తెలిసినవాళ్ళు నొప్పి కోసం చూడరు, మడమ ఇరుక్కుందంటే తట్టేస్తారు. తప్పించుకోవాలని తప్పు దిశలో తిరిగినవాడు తన మోకాలు తనే తెంపుకుంటాడు.

చాలాకాలం నిషేధించిన ఈ పట్టుని అంతర్జాతీయ బ్రెజిల్ జియు-జిత్సు ఫెడరేషన్ 2021 నుంచి వదులు చేసింది, అదీ పెద్దల విభాగంలో, గీ (మందపాటి ఆట చొక్కా) వేసుకోని పోటీల్లో, గోధుమరంగు, నల్ల బెల్టుల వారికి మాత్రమే. ఇది నాకు సబబుగానే తోస్తుంది. పట్టు మారలేదు, కాని దాన్ని ముందే గుర్తుపట్టి తట్టగలిగే అనుభవం ఉన్నవాళ్ళ మధ్యే ఉంచారు.

ఇప్పుడు మన బరిలోకి రండి. చీలమండ పట్టుకుని రైడర్ని ఆపడాన్ని యాంకిల్ హోల్డ్ అంటాం. యాంకిల్ హోల్డ్‌కి నిషేధం లేదు, ఉండకూడదు కూడా, కార్నర్‌లో ఆడేవాడికి అదే అన్నం. సరిగ్గా పట్టేవాడు రెండు చేతులూ చీలమండ వెనక బిగించి, భుజాన్ని పిక్కకి ఆనించి, కాలిని తిన్నగా తన పొట్టవైపు లాగుతాడు. రైడరు బోర్లా పడతాడు, మోకాలు దాని సహజమైన దారిలోనే మడుచుకుంటుంది. చాలామంది కుర్రాళ్ళు చేసేది అది కాదు. చీలమండ దొరగ్గానే దుంగలా పక్కకి దొర్లుతారు. పైన రైడరు గీత వైపు ఒళ్ళు తిప్పుతూ ఉంటాడు, కింద పాదం అవతలి దిక్కుకి తిరుగుతుంది. ఇది మడమ మెలి కాక ఏమిటి? గోధుమరంగు బెల్టు కట్టాక గాని ముట్టుకోనివ్వని పట్టు మన దగ్గర పదిహేనేళ్ళ పిల్లాడు, పైన ఇంకో ముగ్గురి బరువు వేసి మరీ చేస్తున్నాడు. అంపైరు కంటికి అది మామూలు యాంకిల్ హోల్డే. జాబితాలో పేరు లేదు మరి.

మ్యాట్ వచ్చాక ఇది ఇంకా ముదిరింది. మట్టిలో పాదం కొంచెం జారుతుంది, ఆ జారుడే మోకాలిని కాపాడుతుంది. రబ్బరు అడుగున్న బూటు మ్యాట్‌ని కరుచుకుంటే పాదం కదలదు, మెలి అంతా మోకాలికే పోతుంది. మ్యాట్ మంచిదే, తల పగలకుండా కాపాడుతుంది. కాని మట్టిలో నేర్చిన పట్టుని మ్యాట్ మీద అలాగే వెయ్యకూడదని కోచ్‌లు చెప్పాలి. పలకలు ఒకదానిలో ఒకటి గుచ్చి పరిచే మ్యాట్ అయితే అతుకుల దగ్గర వేలెడు సందు కూడా ఉండకూడదు, కాలి బొటనవేళ్ళు విరిగేది అక్కడే.

తొడ పట్టులో దెబ్బ తినేది పట్టినవాడే. తల రైడరు మోకాలికి ఎదురుగా పెట్టి దూకితే మోకాలు కణతకి తగులుతుంది, లేదా మెడ వెనక్కి విరుచుకుపడుతుంది. తల తొడకి వెనకవైపు ఉండాలి, చెవి పిరుదుకి ఆనాలి, చూపు పైకి ఉండాలి. చూపు కిందకి దించితే మెడ వంగుతుంది, వంగిన మెడ మీద బరువు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నిషేధం లేని చోట చనిపోయారు

జాబితాల మీద నాకున్న అపనమ్మకానికి పెద్ద కారణం జపాన్. అక్కడ 1983 నుంచి మూడు దశాబ్దాల్లోపే బడుల్లో జూడో ఆడుతూ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. చాలావాటిలో తలకి దెబ్బ. ఎక్కువగా వినబడిన పేరు ఓసోతో గారి. అది కత్తెరలాంటి నిషిద్ధ విద్య కాదు, మొదట్లోనే నేర్పే పట్టు. ఎదుటివాడి కాలిని బయటినుంచి వెనకగా ఊడ్చి వెల్లకిలా పడేయడం. పడటం రాని పిల్లాడు, అలిసిపోయి ఉన్నవాడు, తనకంటే బలమైన పెద్ద విద్యార్థి చేతిలో పడితే తల వెనకభాగం నేలకి కొట్టుకుంటుంది. పట్టు పేరు నిషేధించలేదు అక్కడ. పడటం నేర్పకుండా పడేయనివ్వకూడదని, తలకి దెబ్బ తగిలినవాణ్ని మళ్ళీ ఆడించకూడదని పట్టుబట్టారు. 2012లో యుద్ధవిద్యలు మధ్యస్థాయి బడుల్లో తప్పనిసరి పాఠం అయ్యాక కూడా, భయపడినట్టు చావులు పెరగలేదు, తగ్గాయి.

మన దగ్గర కబడ్డీ శిబిరాల్లో డైవులు నేర్పుతారు, చేతులు కలిపి పట్టే చెయిన్ నేర్పుతారు. పడటం నేర్పే చోటు అరుదు. దానికి ఖర్చేమీ లేదు. వెల్లకిలా పడుకుని గడ్డం ఛాతీకి ఆనించి, మొలతాడు వైపు చూస్తూ, రెండు చేతులతో ఒంటికి 45 డిగ్రీల దూరంలో నేలని చరచడం మొదటి మెట్టు. తర్వాత కూర్చుని వెనక్కి పడటం, తర్వాత గొంతుక్కూర్చుని, ఆఖరికి నిలబడి. రోజుకి నలభై, యాభై సార్లు, రెండు వారాలు. చెయ్యి నేలకి ఊతంగా పెట్టి ఆపుకోబోయేవాడికి మణికట్టో మోచెయ్యో పోతుంది కాబట్టి ఆ అలవాటు ముందు మాన్పించాలి. తల నేలకి తగలకుండా వరసగా ఇరవైసార్లు పడగలిగినవాడే పట్టులోకి దిగాలి. వస్తాదులున్న కాలంలో కొత్తవాణ్ని నెలల తరబడి గోదా తవ్వించి, బస్కీలు తీయించి గాని కుస్తీకి పిలిచేవారు కాదు. చాదస్తం అనిపించేది గాని, ఆ నెలల్లోనే మెడా నడుమూ గట్టిపడేవి.

కుస్తీ నిబంధనల్లో నాకు నచ్చే మాట ఒకటుంది. ఎదుటివాణ్ని తలకిందులుగా నడుం పట్టి ఎత్తినప్పుడు పక్కకే వెయ్యాలి, పైనుంచి కిందికి తల గుచ్చేలా వెయ్యకూడదు. పైగా వేసేవాడి పాదాలు కాక ఒంట్లో ఇంకేదైనా భాగం కూడా మ్యాట్‌కి తగలాలి. అంటే నువ్వూ వాడితో పాటు కిందకి వెళ్ళు అని. తను కూడా పడేవాడు కసిగా పడేయలేడు. కబడ్డీలో నడుం పట్టిన డిఫెండరు రైడర్ని ఎత్తి కుదేసినప్పుడు మనవాళ్ళు ఈలలు వేస్తారు. రైడరు పాదాలు అతని నడుం ఎత్తుకి లేచాయంటే అంపైరు విజిల్ ఊదెయ్యాలి, పాయింటు రైడరుకి ఇవ్వాలి. పాయింటు పోతుందంటే ఎత్తడం ఒక్క సీజన్లో ఆగిపోతుంది. నీతులు చెబితే ఆగదు.

అన్నట్టు, భయమనిపించేది వేరు, ప్రమాదం వేరు. గొంతు పట్టు చూస్తే గుండె ఆగుతుంది మనకి. మెడకి రెండు పక్కలా రక్తనాళాలు నొక్కే పట్టులో మనిషి పది సెకన్లు అటూఇటూగా స్పృహ తప్పుతాడు. ఆ లోపు తట్టడానికి వ్యవధి ఉంది, వెంటనే వదిలేస్తే సాధారణంగా కొద్ది సెకన్లలోనే తేరుకుంటాడు. జూడో ఒప్పుకుంటుంది. అదే రష్యావాళ్ళ స్పోర్ట్ సాంబో ఆట గొంతు పట్టుని వద్దంటుంది, జూడో వద్దనే కాలి పట్టుల్ని ఒప్పుకుంటుంది. గొంతు గొట్టం మీద ముంజేత్తో నొక్కడం మాత్రం వేరే కథ, అది విరిగితే వాపొచ్చి ఊపిరి మూసేస్తుంది. మెడని మెలిపెట్టడం కూడా అంతే. అందుకే కుస్తీలో తల పట్టినప్పుడు దాంతో పాటు ఒక చెయ్యి కూడా పట్టులో ఉండాలంటారు, రెండు చంకల కిందుగా చేతులు పోనిచ్చి మెడ వంచే ఫుల్ నెల్సన్‌ని పదిహేనేళ్ళ లోపు పిల్లలకి ఒప్పుకోరు.

ఇంకో సంగతి. ప్రతి నిషేధమూ భద్రత కోసం కాదు. జూడోలో కాళ్ళు పట్టుకోవడాన్ని 2010లో బిగించి, 2013లో పూర్తిగా తీసేశారు. అది ఆట కుస్తీలా కనబడకూడదని, నిటారుగా నిలబడి ఆడాలని చేసిన పని. ఆట రూపం కోసం చేసిన మార్పుని భద్రత పేరుతో అమ్మితే, రేపు నిజంగా భద్రత కోసం చెప్పేదాన్ని కుర్రాళ్ళు నమ్మరు.

కమిటీ పెద్దలతో

‘ఆటన్నాక దెబ్బలు తగలవా బాబూ, మా రోజుల్లో...’ అని మొదలుపెట్టే పెద్దాయన పోటీలు పెట్టే ప్రతి కమిటీలోనూ ఉంటాడు. ఆయనకి ఆట తెలుసు కాబట్టి ఆయనతో లెక్కల్లో మాట్లాడటం మంచిది.

మన దగ్గర ధాన్యం బస్తా 75 కిలోలు. సీనియర్ పురుషుల కబడ్డీలో బరువు హద్దు 85 కిలోలు, మహిళలకి 75. నలుగురు డిఫెండర్లు చెయిన్ కట్టి ఒకడి మోకాలి మీద పడ్డారంటే నాలుగు బస్తాలకి పైన. ఊళ్ళ పోటీల్లో 55 కిలోల ఇంటర్ పిల్లాణ్ని 90 కిలోల రైసుమిల్లు హమాలీ ఎదురుగా నిలబెడుతున్నాం, ఎవరూ తూచరు. ధాన్యం తూచే కాటా లేని ఊరు డెల్టాలో ఉందా? పోటీ రోజు పొద్దున్నే దాన్ని తెచ్చి బరి పక్కన పెట్టి, ఒక్కొక్కణ్ని ఎక్కించి రాసుకోవడానికి గంట పడుతుంది. రెండు విభాగాలు చెయ్యండి, 65 లోపు, ఆ పైన. బహుమతి డబ్బు రెండు ముక్కలవుతుందని గొణిగేవాళ్ళుంటారు, గొణగనివ్వండి.

నేల సంగతి. కోతలయ్యాక చేలోనే బరి గీస్తారు. గోదావరి ఒండ్రు తడి ఆరితే బీటలు వారుతుంది, బీటలో ఇరుక్కున్న పాదం బయటికి రాదు. జానెడు లోతు దున్ని, బెడ్డలు చితక్కొట్టి, వరి మోళ్ళు, నత్తగుల్లలు, గాజుపెంకులు ఏరి, ఇసుక కలిపి, ముందు రోజు సాయంత్రం నీళ్ళు చల్లి చదును చెయ్యాలి. ఇసుక మరీ ఎక్కువైతే పాదం కూరుకుపోయి చీలమండ తిరుగుతుంది. కొబ్బరి పొట్టు కలిపితే మెత్తగా ఉంటుంది గాని, అది నీళ్ళు బాగా పీలుస్తుంది, పలచగా కలపకపోతే జారుడు. పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. చుట్టూ ఇంకో రెండు మీటర్లు ఖాళీ ఉంచి, వెదురు గుంజలు, కుర్చీలు, లైటు స్తంభాలు దాని అవతల పాతండి. డిఫెండరు ఒంటితో గుద్దే డ్యాష్ తగిలి బయటికి పోయిన రైడరు బయట ఏముందో చూసుకోలేడు. రాత్రి తొమ్మిది దాటాక మ్యాట్ మీద మంచు పడుతుంది, ప్రతి మ్యాచ్‌కీ ముందు పొడిగుడ్డతో తుడవకపోతే తర్వాతి డైవు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. గోళ్ళు కత్తిరించారో లేదో, ఒంటికి నూనె రాసుకున్నారో లేదో చూడటం ఎలాగూ నిబంధనల్లోనే ఉంది.

చట్టం సంగతి కూడా కమిటీ తెలుసుకోవాలి. ఆటలో ఒప్పుకుని దెబ్బలు తినడానికి పాత శిక్షాస్మృతిలో 87వ సెక్షన్ ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 25వ సెక్షన్. ఆ రక్షణ 18 ఏళ్ళు దాటినవాడి ఒప్పుకోలుకే. అదీ చావుగాని తీవ్రగాయంగాని కలిగించే ఉద్దేశం, కలుగుతుందన్న ఎరుక లేనప్పుడే. చట్టం లెక్కలో ఎముక విరగడం, కీలు తప్పడం తీవ్రగాయాలే. కత్తిసాము ఆడేవాళ్ళ ఉదాహరణ ఇస్తూ, అది న్యాయంగా ఆడినప్పటి మాట అని సెక్షన్‌లోనే రాశారు. ఇంటర్ చదివే పిల్లాడి చేత సంతకం పెట్టించుకున్న కాగితం జేబులో ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

అంపైరుకి చెప్పాల్సింది ముఖ్యమైనది. గడియారం స్కోరరు చూసుకుంటాడు, అంపైరు చెవి కూత మీద ఉండాలి. రైడ్ నడుస్తున్నంతసేపూ సౌండుబాక్సులు కట్టెయ్యాలి, ఇది ఒక్కటి చేసినా సగం పని అయినట్టే. కూత ఆగినా, రైడరు అరిచినా, నేలని తట్టినా వెంటనే విజిల్. విజిల్ తర్వాత కూడా పట్టు వదలనివాడికి మొదటిసారి హెచ్చరికగా పచ్చకార్డు, రెండోసారి పసుపు, రెండు నిమిషాలు బయట. ‘నొప్పి నటిస్తున్నాడు’ అంటారు. నటిస్తే ఔటే కదా, పాయింటు మీకే వస్తుంది, ఇంక గొడవేమిటి? జట్లని వరసలో నిలబెట్టినప్పుడు మైకులో ఈ ముక్క ముందే చెప్పెయ్యాలి.

దెబ్బ తగిలాక మనవాళ్ళు చేసే మొదటి పని లాగడం. ‘బెణికిందిరా, లాగితే సర్దుకుంటుంది’ అని ఒకడు పాదం పట్టుకుంటాడు, ఇంకొకడు జండూబామ్ తెస్తాడు. లాగకూడదు, తోమకూడదు. టప్పుమని శబ్దం వచ్చి రెండు మూడు గంటల్లో మోకాలు ఉబ్బిందంటే లోపల రక్తం చేరినట్టు, లిగమెంటు తెగి ఉండే అవకాశం ఎక్కువ. బట్టలో చుట్టిన ఐసు పావుగంట, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం, తర్వాత ఎముకల డాక్టరు. మోకాలు పూర్తిగా తప్పి ఆకారం మారితే పాదం పైభాగంలో నాడి తడిమి చూడండి. నాడి అందకపోయినా, పాదం చల్లబడినా గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి, కాలే పోవచ్చు. నాడి దొరికినా మోకాలు తప్పినవాణ్ని ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికే పంపాలి.

తలకి దెబ్బ తగిలి క్షణం మతి తప్పినా ఆ రోజుకి ఆట లేదు, ఫైనలైనా సరే. రాత్రంతా పక్కన ఒక మనిషి ఉండాలి. వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, ఒక కంటిపాప పెద్దదవడం, వీటిలో ఏది కనబడినా ఆస్పత్రికి. మెడ నొప్పి అన్నా, చేతులు తిమ్మిరెక్కాయన్నా లేపి కూర్చోబెట్టకండి, మొహాన నీళ్ళు కొట్టకండి. ఒకడు తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తలని ఉన్నచోటే కదలకుండా పట్టుకోవాలి, 108 వాళ్ళు వచ్చి మెడకి కాలర్ పెట్టేదాకా ఆ చేతులు తియ్యకూడదు.

లంక ఊళ్ళనుంచి పెద్దాసుపత్రికి దారి వంతెనల మీదుగానే. అమలాపురం నుంచి కాకినాడకి దాదాపు 60 కిలోమీటర్లు, కనుమ రోజు ప్రభల తీర్థం జనంలో అది ఎంతసేపు పడుతుందో మనకి తెలుసు. 108 రావడం ఆలస్యమైతే వాడటానికి ఒక వ్యాను పోటీ జరిగినంతసేపూ సిద్ధంగా ఉండాలి. దాని మొహం రోడ్డు వైపు ఉండాలి, డ్రైవరు తాగి ఉండకూడదు, ముందు మోటారుసైకిళ్ళు పెట్టనివ్వకుండా అడ్డంగా ఒక తాడు కట్టి, తాడు దగ్గర ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టండి.